మడమ నొప్పి రాత్రిపూట మండుతుంటే

ప్రశ్న: అక్కా, నమస్కారం. నాకు 46 ఏళ్లు. హనుమకొండలో ఒక బట్టల దుకాణంలో, చీరల విభాగంలో 9 ఏళ్లుగా పనిచేస్తున్నాను. చెప్పులు బయట విడిచి, పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా టైల్స్ మీద నిలబడే ఉంటాం. పోయిన బతుకమ్మ పండుగ రద్దీలో కుడి మడమ నొప్పి మొదలైంది. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు. మడమలో రెండుసార్లు ఇంజెక్షన్ ఇచ్చారు. ఇచ్చినప్పుడల్లా పదిహేను రోజులు నయంగా ఉండి మళ్లీ మొదటికే వచ్చింది. ఇప్పుడు నొప్పి కంటే మంట ఎక్కువ. పొద్దున లేచినప్పుడు అంతగా ఉండదు, సాయంత్రానికి పెరుగుతుంది. రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. లేచి బకెట్ నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చుంటాను. అప్పుడప్పుడు చీలమండ నుంచి బొటనవేలి వైపు కరెంటు పాకినట్టు అవుతుంది. కాళ్ల మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. నడుము నొప్పి కూడా అప్పుడప్పుడు వస్తుంది. షుగర్ పరగడుపున 112 వచ్చింది, లేదన్నారు. వచ్చే గురువారం మూడో ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. మా అత్తగారేమో వేడి ఇటుక మీద జిల్లేడు ఆకులు వేసి తొక్కమంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, హనుమకొండ

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ బకెట్ దగ్గర ఆగిపోయాను. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే లేచి చన్నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చుంటున్నారంటే, అది ఉత్త ఎముక నొప్పి అని నేను తేలిగ్గా ఒప్పుకోలేను. ఫిజియోథెరపిస్టుగా ఇరవై ఏళ్లకు పైగా పాదాలు పట్టుకుని చూస్తున్నాను. ఎముకకో కండరానికో బాధ కలిగినవారు పోటు అంటారు, సలుపు అంటారు, అడుగు వేస్తే పొడుస్తోందంటారు. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టడం, చీమలు పాకడం, బట్ట తగిలినా ఓర్వలేకపోవడం నరానికి ఇబ్బంది కలిగినవారి మాటలు. మీరు రాసినవన్నీ ఈ రెండో రకం మాటలే. అందుకే అన్నిటికంటే ముందు ఈ ఒక్కటి చెబుతున్నాను: మూడో ఇంజెక్షన్‌కు ఒప్పుకునే ముందు నరాన్ని పరీక్ష చేయించండి.

నరం అన్న మాట దగ్గరే మనకు చాలా చిక్కు వస్తుంది. మనం దేన్నయినా నరమే అంటాం. పిక్క పట్టేస్తే నరం పట్టేసింది, చీలమండ మెలికపడితే నరం బెణికింది, చర్మం కింద నీలంగా మెలికలు తిరిగి కనిపిస్తే నరాలు ఉబ్బాయి. నిజానికి మొదటిది కండరం, రెండోది ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ, మూడోది రక్తనాళం. స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే నరం వీటిలో ఏదీ కాదు. అది తెల్లటి దారంలా లోపలెక్కడో ఉంటుంది. డాక్టరు దగ్గర మీరు 'నరాలు' అంటే ఆయన ఉబ్బిన రక్తనాళాలు అనుకుని మేజోళ్లు రాసి పంపవచ్చు. మీరేమో నరాల జబ్బుకు మందు ఇచ్చారనుకుని ఇంటికి వస్తారు. ఈ పొరపాటు నా కళ్ల ముందే ఎన్నోసార్లు జరిగింది. మీ విషయంలో ఆ రెండు 'నరాలకూ' సంబంధం ఉందేమోనని నా అనుమానం. దాని సంగతి కాసేపటిలో చెబుతాను.

ముందు ఆ పెరిగిన ఎముక గురించి. మడమ ఎముక కింద చిన్న ముల్లులాంటిది ఎక్స్‌రేలో కనిపిస్తే భయపడిపోతాం. కానీ ఏ నొప్పీ లేనివారి మడమలకు ఎక్స్‌రే తీసినా చాలామందిలో ఆ ముల్లు ఉంటుంది. మడమ నొప్పుల్లో ఎక్కువ భాగం అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా పరుచుకున్న దృఢమైన పొర వల్ల వస్తుంది. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. ఆ పొర దెబ్బతింటే వచ్చే నొప్పికి ఒక గుర్తు ఉంది. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగు ప్రాణం తీస్తుంది, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే వరస. మీకు జరుగుతున్నది దీనికి తలకిందులుగా ఉంది. పొద్దున తక్కువ, నిలబడిన కొద్దీ ఎక్కువ, పడుకున్నాక కూడా వదలని మంట. మొదట్లో మీకు పొర నొప్పే ఉండి ఉండవచ్చు, రెండూ కలిసి ఉండటం కూడా అరుదు కాదు. ఇప్పుడు మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మాత్రం వేరొకటి అనిపిస్తోంది.

మీ చీలమండ లోపలి వైపు, అంటే రెండో కాలికి ఎదురుగా ఉండే వైపు, గుండ్రంగా పొడుచుకు వచ్చిన ఎముక ఉంటుంది కదా. దాని వెనుక, మడమకూ ఆ ఎముకకూ మధ్య ఉన్న పల్లంలో ఇరుకైన దారి ఒకటి ఉంది. దాని పేరు టార్సల్ టనెల్. పైన గట్టి పట్టీ కప్పు వేసినట్టు ఉంటుంది, కింద ఎముక. ఆ సందులోంచే పాదాన్ని, వేళ్లను వంచే మూడు కండరాల తాళ్లు, ఒక ధమని, సిరలు, వాటితో పాటు అరికాలికి స్పర్శనిచ్చే టిబియల్ నరం దిగుతాయి. ఆ నరం అక్కడే చీలి ఒక కొమ్మ మడమ చర్మానికి, ఒకటి బొటనవేలి వైపుకు, ఇంకొకటి చిటికెన వేలి వైపుకు వెళ్తుంది. దారి ఇరుకు, కప్పు సాగదు. లోపల ఏది కాస్త ఉబ్బినా నలిగేది నరమే. ఉబ్బిన సిరలు కావచ్చు, నీటిబుడగలాంటి గడ్డ కావచ్చు, పాత బెణుకు తాలూకు వాపు కావచ్చు. పాదం చదునై లోపలికి ఒరిగిపోతే నరం సాగి లాగబడుతుంది. థైరాయిడ్ తగ్గినవారికి, గర్భిణులకు ఒంట్లో నీరు చేరినప్పుడు కూడా ఈ ఇబ్బంది రావచ్చు.

ఇప్పుడు మీ కాళ్ల మీద ఉబ్బిన 'నరాల' సంగతి. పదకొండు గంటలు కదలకుండా నిలబడితే కాళ్లలో రక్తం పైకి ఎక్కలేక సిరలు సాగి ఉబ్బుతాయి. పిక్క మీద కనిపించేవి పైపైవి మాత్రమే. చీలమండ సందులో ఉన్న సిరలు కూడా అలాగే ఉబ్బితే పక్కనే ఉన్న టిబియల్ నరం నలుగుతుంది. సాయంత్రానికి మీ మంట పెరగడానికి ఇదొక కారణం కావచ్చు.

ఇంట్లోనే మీరు చూసుకోదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. కుర్చీలో కూర్చుని కుడికాలు ఎడమ మోకాలి మీద వేసుకోండి. లోపలి ఎముక వెనుక ఉన్న పల్లంలో రెండు వేళ్లతో మెల్లగా, తలుపు మీద తట్టినట్టు పది పన్నెండు సార్లు తట్టండి. గట్టిగా అక్కరలేదు. తట్టిన చోట నొప్పి పుడితే అది వేరే లెక్క. అరికాల్లోకో బొటనవేలి వైపుకో జివ్వుమని పాకితే దాన్ని టినెల్ గుర్తు అంటారు, నరం అక్కడ నలుగుతోందనడానికి బలమైన సూచన. పాకకపోయినంత మాత్రాన నరం బాగుందని కాదు. ఎడమకాలికి కూడా అలాగే తట్టి తేడా చూసుకోండి. అది అయ్యాక పాదం తడిపి సిమెంటు గచ్చు మీద ఒక అడుగు వేయండి. పాదం మధ్యలో లోపలి వైపు ఖాళీ లేకుండా మొత్తం ముద్ర పడితే మీది చదును పాదం.

మడమ కింద నలిగే నరం ఇంకొకటి ఉంది, దాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. బాక్స్‌టర్ నరం అంటారు. మడమ ముందు భాగంలో కండరాల మధ్య నుంచి అడ్డంగా వెళ్లి చిటికెన వేలిని పక్కకు జరిపే కండరానికి చేరుతుంది. ఇది నలిగితే నొప్పి అచ్చం పొర నొప్పిలాగే, మడమ లోపలి అంచున ఉంటుంది. చర్మానికి స్పర్శనిచ్చే పని దీనికి దాదాపు లేదు కాబట్టి తిమ్మిరి కూడా అంతగా ఉండదు. అందుకే పొరపాటు పడతారు. సిరిసిల్ల నుంచి మరమగ్గాల కార్మికుడు ఒకాయన వచ్చాడు. రెండేళ్లుగా మడమ నొప్పి, సంచి నిండా ఎక్స్‌రేలు. వేళ్లన్నీ విప్పి చూపించమన్నాను. ఎడమ పాదం వేళ్లు విసనకర్రలా విచ్చుకున్నాయి. కుడి పాదంలో చిటికెన వేలు పక్క వేలికి అతుక్కుని కదలనే లేదు. ఆయన తన పాదాన్ని తానే వింతగా చూసుకుంటూ ఉండిపోయాడు, రెండేళ్లలో ఎవరూ ఆ ఒక్క పని చేయమనలేదట. కొందరు పుట్టుకతోనే ఆ వేలిని కదపలేరు, కాబట్టి రెండు పాదాలూ పోల్చి చూడాలి. మీరూ చూసుకోండి. మీకు కరెంటు బొటనవేలి వైపు పాకుతోంది కాబట్టి నా అనుమానం చీలమండ సందు మీదే ఎక్కువ.

నడుము నొప్పి అన్నారు. నడుము చివర వెన్నులోంచి బయటికి వచ్చే ఎస్1 అనే నరం నలిగినా మడమ నొప్పి వస్తుంది. అయితే అది మామూలుగా మడమలోనే మొదలవదు. పిరుదు నుంచి తొడ వెనుకగా, పిక్క మీదుగా లాక్కుంటూ వచ్చి మడమకూ పాదం బయటి అంచుకూ చేరుతుంది. దగ్గినా తుమ్మినా ఝుమ్మంటుంది. గోడ పట్టుకుని కుడికాలి మునివేళ్ల మీద పదిసార్లు లేచి చూడండి. ఎడమకాలితో లేవగలిగి కుడికాలితో లేవలేకపోతే నడుమును కూడా తప్పకుండా పరీక్షించాలి. ఒకవేళ ఎప్పుడైనా మూత్రం, మలం మీద పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా తెల్లవారేదాకా ఆగకూడదు. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

షుగర్ విషయంలో మీకు చెప్పిన మాట నాకు నచ్చలేదు. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా షుగర్ రాకముందు దశ, 126 నుంచి షుగర్. మీది 112. కాబట్టి 'లేదు' అనుకుని ఊరుకునే అంకె కాదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించండి. 5.7 నుంచి 6.4 దాకా ముందు దశ, 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే షుగర్ ఉన్నట్టే. మామూలుగా షుగర్ వల్ల వచ్చే నరాల మంట రెండు పాదాల్లోనూ, వేళ్ల చివర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. మీకు ఒక్క కాలికే ఉంది కాబట్టి ఇది దాని వల్లే అనను. కానీ రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్న మనిషి నరం కాస్త ఒత్తిడికే దెబ్బతింటుంది. అదే రక్తంతో బి12, థైరాయిడ్ కూడా చూడమనండి. బి12 తక్కువైనా పాదాలు మండుతాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో అది తగ్గవచ్చు, ఈ జవాబు చదివే మిగతావారి కోసం చెబుతున్నాను.

ఇంకొకటి. ఒంటి మీద ఎక్కడైనా పాలిపోయినట్టో ఎర్రగానో ఉండి, గిల్లినా తెలియని మచ్చ ఉందేమో చూసుకోండి. కుష్ఠు వ్యాధి చీలమండ దగ్గరి ఈ టిబియల్ నరాన్ని కూడా పట్టుకుంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. ఆలస్యం చేస్తే మాత్రం పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు.

మీ అత్తగారి ఇటుక దగ్గరికి వద్దాం. ఆమె మీ మీద ప్రేమతోనే చెప్పారు. మా అమ్మ కూడా వరి నాట్ల రోజుల్లో అదే చేసేది, పొర నొప్పికి కాపడం హాయినిస్తుంది కూడా. కానీ నరం దెబ్బతిన్న అరికాలికి వేడి ఎంతో సరిగా తెలియదు. పరకాల వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ ఇలాగే తొక్కి, మడమంతా బొబ్బ లేచి, అది పుండు పడ్డాక వచ్చింది. కాలుతున్నప్పుడు తెలియలేదమ్మా, వెచ్చగా ఉందనుకున్నాను అంది. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. జిల్లేడు పాలు చర్మాన్ని రేపుతాయి, అది వేరే బాధ. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి, కోప్పడకుండా చెప్పండి. వాతలు పెట్టించుకోవడం, గోలీకాయతోనో సీసాతోనో అరికాలిని గట్టిగా రుద్దడం కూడా వద్దు. నలిగిన నరాన్ని ఇంకా నలిపినట్టు అవుతుంది. చన్నీళ్ల బకెట్ పది నిమిషాల దాకా ఫరవాలేదు. ఐస్ ముక్కలు వేయకండి, కాలు తీశాక వేళ్ల సందులు పొడిగా తుడుచుకోండి.

మడమలో ఇచ్చేది స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయి ఉంటుంది. అది వాపును తగ్గిస్తుంది, అవసరమైన చోట మంచి మందే. కానీ ఒకే చోట పదే పదే ఇస్తే మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు పొర పలచబడవచ్చు, ఫేషియా తెగిపోవచ్చు. టైల్స్ మీద రోజంతా నిలబడి బతకాల్సిన మనిషికి ఆ మెత్త పోతే తిరిగి తెచ్చిపెట్టేవారు లేరు. రెండుసార్లు ఇచ్చినా పక్షం రోజులు మించి నిలవలేదంటే, రోగం పేరు సరిగ్గా పట్టామా అని డాక్టరును అడగడం తప్పు కాదు. గౌరవంగా అడగండి, అడగడం మాత్రం మానకండి. వరంగల్ ఎం.జి.ఎం. ప్రభుత్వాసుపత్రి ఎముకల ఓపీలో చూపించుకుని, అక్కడి నుంచి నరాల వైద్యుల దగ్గరికి పంపమని కోరవచ్చు. వారు చేయి పెట్టి పరీక్షించాక చీలమండకు అల్ట్రాసౌండ్ గానీ, నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తుందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష గానీ, అవసరమైతే ఎంఆర్‌ఐ గానీ రాస్తారు. నర్వ్ కండక్షన్‌లో చిన్న చిన్న షాకులు తగులుతాయి, ఓర్చుకోదగ్గవే. తొలి దశలో అది మామూలుగా రావడమూ ఉంది, దాని ఒక్కదాని మీదే తీర్పు చెప్పరు.

మందుల విషయంలో నేను ఒక్కటే చెప్పగలను. మెడికల్ షాపులో కొనుక్కుని మింగే నొప్పి బిళ్లలు నరాల మంటకు పెద్దగా పనిచేయవు, కడుపును, కిడ్నీలను పాడుచేస్తాయి. దీనికి ప్రిగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి వేరే ఉన్నాయి, డాక్టరే రాయాలి. మత్తు, తల తిరగడం ఉంటాయి కాబట్టి తక్కువ మోతాదుతో రాత్రిపూట మొదలుపెడతారు, వాటిని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకూడదు. ఆపరేషన్ మాటకు చాలా దూరం ఉంది. గడ్డలాంటిది కచ్చితంగా కనిపించినప్పుడో, నెలల తరబడి మిగతావి చేసినా తగ్గనప్పుడో దాని గురించి ఆలోచిస్తారు.

ఈ లోపు మీ చేతిలో ఉన్న పని పాదానికి విశ్రాంతి. ఇంట్లో గచ్చు మీద వట్టికాళ్లతో తిరగకండి. ఎంసీఆర్ చెప్పులని మెత్తటి నల్ల రబ్బరు అడుగుతో దొరుకుతాయి, అవి వేసుకోండి. పాదం చదునైతే లోపలి వంపు కింద ఎత్తు పెట్టించుకోవాలి. రాత్రి ఇంటికి రాగానే పావుగంట కాళ్లు గోడకు ఎత్తిపెట్టుకుని పడుకోండి, సిరల వాపు దిగుతుంది. ఉబ్బిన సిరలకు బిగుతు మేజోళ్లు వాడేముందు కాలికి రక్తం సరిగ్గా అందుతోందని డాక్టరు చూడాలి. పిక్క సాగదీయడానికి గోడకు రెండు చేతులు ఆన్చి, కుడికాలు వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆన్చి ముప్పై లెక్కపెట్టండి. పూటకు మూడుసార్లు చాలు. చేస్తుండగా అరికాల్లో జివ్వుమంటే వెంటనే ఆపేయండి. లాగేకొద్దీ మంచిదన్న మాట నరానికి వర్తించదు.

దుకాణం గురించి రాయకుండా ఉండలేను. పదకొండు గంటలు వట్టికాళ్లతో, గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోనివ్వకుండా నిలబెట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. కొనేవాళ్లం పరుపుల మీద కూర్చుని నూరు చీరలు విప్పించుకుంటాం, విప్పేవారి కాళ్ల వైపు చూడం. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే సదుపాయం ఇవ్వాలని చట్టంలోనే పెట్టాయి. మీ యజమానిని మూడు అడగండి. గంటకోసారి ఐదు నిమిషాలు కూర్చోవడానికి ఒక స్టూలు, మీరు నిలబడే చోట ఒక రబ్బరు చాప, దుకాణంలో మాత్రమే వాడే మెత్తటి చెప్పులు. ఒక్కరే అడగడానికి ఇబ్బందైతే మీ విభాగంలో నలుగురూ కలిసి అడగండి. వారిలో కనీసం ఒకరికైనా మీలాంటి మడమే ఉండి ఉంటుంది. చీటీ మీద 'ఎక్కువసేపు నిలబడరాదు' అని డాక్టరుతో రాయించుకుంటే మీ మాటకు బలం వస్తుంది.

ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ హడావుడిలో 'మడమ నొప్పి సార్' అని మాత్రమే నోట వస్తుంది, మళ్లీ ఎక్స్‌రే దగ్గరే మొదలవుతుంది. అందుకే ఇంట్లోనే ఒక కాగితం మీద ఇలా రాసుకుని చేతికివ్వండి: 'కుడి మడమలో పోయిన బతుకమ్మ నుంచి నొప్పి, ఇప్పుడు మంట, సాయంత్రం, రాత్రి ఎక్కువ. పొద్దున మొదటి అడుగులో అంత లేదు. చీలమండ నుంచి బొటనవేలి వైపు కరెంటు పాకుతుంది. ఇంజెక్షన్లు రెండు, ఒక్కోటి పదిహేను రోజులే పనిచేసింది. సిరలు ఉబ్బి ఉన్నాయి, నడుము నొప్పి ఉంది. పరగడుపు షుగర్ 112.' తట్టి చూసినప్పుడు ఏమైందో, చిటికెన వేలు కదిలిందో లేదో దాని కిందే రాయండి. ఆ ఇంజెక్షన్ల పేర్లున్న పాత చీటీలు కూడా తీసుకెళ్లండి. గురువారం లోపే వెళ్లండి చెల్లెమ్మా, తర్వాత వారేమన్నారో నాకు రాయండి.